సంచి ఎత్తి చూస్తే

(జులై 10, జాతీయ చేపల రైతుల దినోత్సవం నాడు డాక్టర్ హీరాలాల్ చౌధురి స్మృతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)

చేపల రైతుల దినోత్సవం నాడు కూడా రైతులు వెనక వరసల్లోనే ఉన్నారు. అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. మేత వేళకి లేచి వెళ్లాలంటే తలుపు పక్కనుంటేనే వీలు. అందుకని నేను కూడా తొందరగానే అసలు సంగతికి వస్తాను.

1957లో సరిగ్గా ఈ తేదీన, ఒడిశాలో, చౌధురిగారూ ఆయనతో కలిసి పనిచేసిన అలికున్ని గారూ మన పెద్ద జాతి చేపల చేత సూదిమందుతో గుడ్లు పెట్టించారు. శీలావతి, బొచ్చె, మోసు, ఈ మూడూ చెరువులో బాగానే పెరుగుతాయి. పొట్ట నిండా గుడ్లు కూడా పడతాయి. కానీ నిలవ నీటిలో గుడ్డు వదలవు. వాటికి ఏటి వరద కావాలి, పారే నీళ్లు కావాలి. అందుకని అప్పటిదాకా దాదాపు దేశమంతా చేప విత్తనం కోసం నదుల వైపు చూసేది. హౌరా నుంచి కుండల్లో పిల్లని పోసుకుని రైల్లో తెచ్చుకునేవాళ్లు. దారి పొడుగునా ఆ నీళ్లని కదిలిస్తూ కూర్చోవాలి. తీరా తెచ్చి పోశాక అందులో ఎంత శీలావతి ఉందో, ఎంత వాలుగ ఉందో పెరిగేదాకా తెలియదు. వాలుగ ఉంటే మిగతావాటిని అదే తినేస్తుంది. కుండ కొన్నవాడు లాటరీ టిక్కెట్టు కొన్నట్టే.

చౌధురిగారు వాడిన మందు చేప తలలోదే. మెదడు కింద ఆవగింజంత ఉండే పీయూష గ్రంథి. బజారులో తెగిన చేప తలల్లోంచి దాన్ని తీసి, ఆల్కహాల్లో నిలవచేసి, నూరి, నీళ్లలో కలిపి, తల్లిచేపకి రెండు సూదులు, మగచేపకి ఒకటి. ఇదీ పద్ధతి. చదివితే మూడు వాక్యాలు. ఇవాళ కైకలూరు చుట్టుపక్కల హేచరీల్లో పదో తరగతి దాటని కుర్రాళ్లు అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో సూది వేస్తుంటే చూడండి. ఎడం చంకలో చేపని పసిపిల్లలా ఇరికించుకుని, రెక్క మొదట్లో పొలుసు కింద ఏటవాలుగా గుచ్చుతారు. ఇప్పుడు గ్రంథి బదులు రెడీమేడ్ మందు సీసాలొచ్చాయి, అది వేరే సంగతి. ఒక పరిశోధన కేంద్రంలో పుట్టిన పని ఆ కుర్రాడి చేతి దాకా ఎలా వచ్చింది? ఏ పరిశోధన పత్రమూ ఆ దారి చెప్పదు. ఈ పూట నాకు కావలసింది ఆ దారే.

చౌధురిగారు అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అక్కడ హోమర్ స్వింగిల్ అనే ఆచార్యుడు 1930ల నుంచీ అలబామా రైతుల పొలాల్లోని కుంటల మీద పనిచేశాడు. ఎంత ఎరువు వేయాలి, ఎన్ని పిల్లలు వదలాలి, ఏ చేపకి ఏ చేప తోడు అన్నదంతా అక్కడి కుంటల యజమానులకి అందేలా చేశాడు. ఆ దేశంలో విశ్వవిద్యాలయం ఊళ్లోకి వెళ్లాలని 1914లోనే చట్టం చేసుకున్నారు. మనకీ ఆ గాలి తగిలింది. 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికి చేయూతనిచ్చింది కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం. పాఠం, పరిశోధన, విస్తరణ అనే మూడు కాళ్ల పీట అక్కడి నుంచి వచ్చిందే. మూడో కాలు మన దగ్గర మొదటినుంచీ కాస్త పొట్టి. ముత్తుకూరులో 1991లో చేపల కళాశాల వచ్చింది, 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది. ఉండిలో పరిశోధన కేంద్రం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నరసాపురంలో చేపల విశ్వవిద్యాలయానికి 2022 నవంబరు 21న శంకుస్థాపన చేశారు. సంస్థలకేం తక్కువ లేదు. ఆ పొట్టి కాలు కొలిచేవాళ్లే తక్కువ.

ఇప్పుడు కొల్లేటి సరస్సు మాట.

1976లో ప్రభుత్వం కొల్లేటి లంక గ్రామాల్లో సహకార సంఘాలకి చేపల చెరువులు వేయించింది. ఆ తర్వాత పదేళ్లలో కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టూ వరి చేలు చెరువులైపోయాయి. తవ్విన చెరువులని అనుకోకండి. నాలుగు వైపులా గట్టు ఎత్తి నీళ్లు నిలబెట్టినవి. ఒక్కో చెరువు యాభై ఎకరాలు ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. నేను విస్తరణ ఉద్యోగంలో చేరి ఆ ప్రాంతానికి వెళ్లింది ఆ ఊపులోనే. నా సంచిలో ఆరు రకాల చేపల మిశ్రమ పెంపకం కరపత్రం ఉండేది. బొచ్చె పైన తింటుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున. వీటికి తోడు వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ. చెరువులో ఏ అంతస్తూ ఖాళీగా ఉండకూడదన్నది శాస్త్రం. నేను బల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అంతా విన్నాక ఒక పెద్దాయన లేచి అడిగారు: "బాగుందండీ మాస్టారూ. గడ్డిచేపని హౌరాలో ఎవరు కొంటారండీ?"

నా దగ్గర జవాబు లేదు. హౌరా మార్కెట్టు మా కరపత్రంలో లేదు.

ఆ రైతులు శీలావతినే ఎక్కువగా వేసి, కాస్త బొచ్చె కలిపి, మిగతావన్నీ తీసేశారు. మోసుని కూడా వదిలేశారు. అది అడుగున ఉంటుంది, వలకి చిక్కదు, నీళ్లు పూర్తిగా తోడితే తప్ప బయటపడదు, ధరా తక్కువే. మేం చెరువులో అంతస్తులు లెక్కపెడుతుంటే వాళ్లు వల, ఐసు, లారీ, కలకత్తా బజారు అన్నీ కలిపి లెక్కపెట్టారు. వాళ్ల లెక్కే నిలిచింది.

ఇక సంచుల కథ. అప్పట్లో మేం చెప్పే మేత పద్ధతులు రెండు. తవుడూ చెక్కా కలిపి చేత్తో చల్లమనీ, లేదా ముద్ద చేసి పళ్లేల్లో దింపమనీ. యాభై ఎకరాల చెరువులో ఎన్ని పళ్లేలు దింపుతారు? చల్లిన తవుడు సగం గాలికి గట్టెక్కుతుంది, సగం బురదలో కలుస్తుంది. నేను వెళ్లేసరికే అక్కడి రైతులు ఖాళీ ఎరువుల సంచులకి అడుగున రెండు వరసల్లో బెజ్జాలు పొడిచి, నూనె తీసిన తవుడూ, కొంచెం చెక్కా నింపి, చెరువులో పాతిన వెదురు రాటలకి కడుతున్నారు. సంచి అడుగు భాగం నీళ్లలో మునిగి ఉంటుంది. శీలావతి వచ్చి బెజ్జం దగ్గర మూతి పెట్టి లాగుతుంది. తెల్లవారుజామున పడవ మీద కూలీలు సంచులు కట్టుకుంటూ పోతారు. ఎండ ముదిరేసరికి చెరువంతా ఆ సంచుల చుట్టూ గిలగిలలాడుతూ ఉంటుంది. గట్టు మీద నిలబడితే వాన చినుకులు పడుతున్నట్టు చప్పుడు.

నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఆ పద్ధతి తప్పని చెప్పడం. మేతలో పోషకాలు నీళ్లలో కరిగిపోతాయని, పుస్తకంలో ఈ పద్ధతి లేదని. పడవలో ఉన్న కూలీ ఒకాయన ఏమీ అనలేదు. పడవని ఒక రాట దగ్గరకి తోసి, సంచిని నీళ్లలోంచి పైకి ఎత్తి చూపించాడు. ఖాళీ. పక్క సంచి ఖాళీ. మూడోది ఎత్తాడు, మూలల్లో గుప్పెడు మిగిలింది. "ఇవాళ కొంచెం మబ్బుగా ఉంది కదండీ, తిండి తగ్గింది. రేపు తగ్గించి కడతాం. రెండ్రోజులు ఇలాగే మిగిలితే ఏదో జబ్బు తగిలినట్టేనండి" అన్నాడు.

నాకు ఆ సంచి అప్పుడు కనిపించింది. అది మేత పళ్లెమే కాదు. యాభై ఎకరాల నీళ్ల కింద కంటికి కనపడని చేపల ఆకలిని రోజూ కొలిచే కొలమానం. చేప నలతగా ఉందని పుండు పడక ముందే, పేను పట్టక ముందే సంచి చెప్తుంది. మా ప్రయోగశాలలో అంత చవకైన పరికరం ఒక్కటీ లేదు.

విత్తనం విషయంలోనూ అంతే. పిల్లల్ని ఏడాదిపాటు ఒక చిన్న చెరువులో కిక్కిరిసేలా ఉంచి, అరకొర మేత పెట్టి, గిడసబార్చి, అప్పుడు పెద్ద చెరువులో వదలడం. వాళ్లు జీరో సైజు అని పిలిచే ఆ పిల్ల వంద గ్రాములు దాటి ఉంటుంది. వదలగానే ఆకలి తీరేలా తింటుంది, చకచకా ఎదుగుతుంది, చావులు తక్కువ. తిండి తగ్గించి పెంచినది తర్వాత వేగంగా ఎదుగుతుందన్న సంగతి శాస్త్రం ఎరగనిది కాదు. కానీ దాన్ని వేల ఎకరాల్లో రాబడిగా మార్చింది గట్టు మీది మనుషులే.

ఈ పద్ధతులన్నీ వాటంతటవే పుస్తకంలోకి రాలేదు. ఎం.సి. నందీశ గారు, ఆయన ఆంధ్ర సహచరులు ఊరూరా తిరిగి, రైతులు ఏం చేస్తున్నారో అడిగి, కొలిచి 1993లో ప్రచురించారు. తర్వాత ఆయన 'ఆక్వాకల్చర్ ఏషియా' పత్రికలో 'శాస్త్రవేత్తలుగా రైతులు' అనే శీర్షిక నడిపారు. నా దృష్టిలో విస్తరణ అంటే అది. ఊళ్లోకి విజ్ఞానం మోసుకెళ్లడం అందులో ఒక పాయ. ఒక ఊళ్లో కనిపెట్టినదాన్ని రాసి, సరిచూసి, కారణం తెలుసుకుని, పక్క జిల్లాకి చేర్చడం రెండో పాయ. మొదటి పాయకి మాకు జీతాలిచ్చారు. రెండోదాన్ని ఇష్టమున్నవాళ్లు చేశారు.

అలాగని రైతుకి అన్నీ తెలుసు, మనం చేతులు కట్టుకుని కూర్చుందామని కాదు. గట్టు మీద కనపడనివి చాలా ఉన్నాయి. చేపలు వేకువన పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, నిన్నటిదాకా పచ్చగా నిగనిగలాడిన నీళ్లే రాత్రిపూట ప్రాణవాయువుని తినేశాయని రైతుకి తట్టదు. పచ్చదనం పగలు ఇస్తుంది, రాత్రి తీసుకుంటుంది. ముసురు పట్టిన రోజున ఇచ్చేది తగ్గుతుంది, తీసుకునేది తగ్గదు. దీనికి మేం నేర్పిన పరీక్షకి పైసా ఖర్చు లేదు. చేయి మోచేతి దాకా నీళ్లలో ముంచండి. అరచేయి మసగ్గా కనిపించాలి. మణికట్టు దాటగానే అరచేయి మాయమైతే పచ్చ మితిమీరింది, ఎరువు ఆపండి, మేత తగ్గించండి, వేకువజామున ఇంజను వేసి నీళ్లు మార్చండి. మోచేతి దాకా ముంచినా గోళ్లు లెక్కపెట్టగలిగితే నీళ్లలో తిండి లేదు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో రైతు దగ్గర నిలిచిపోయిన పాఠం ఏదంటే ఇదొక్కటే చెబుతాను. దానికి ఏ సీసా కొనక్కర్లేదు గనక నిలిచింది.

సీసాల మాట వచ్చింది కనక చెబుతాను. ఇవాళ రైతుకి అసలైన విస్తరణాధికారి మందుల షాపాయన. దీనికి ఆయన్ని తిట్టి లాభం లేదు. చేప పైకి తేలితే రైతు తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేస్తాడు. షాపాయన ఎత్తుతాడు. మేం పదిన్నరకి ఆఫీసు తెరుస్తాం. ఆయన మోటారు సైకిలు మీద కుర్రాణ్ణి పంపి నీళ్లు ఉచితంగా పరీక్ష చేయిస్తాడు. మా దగ్గర నమూనా సీసాలో తేవాలి, రుసుము కట్టాలి, ఫలితం ఎల్లుండి. ఆయన పట్టుబడి దాకా అప్పు ఇస్తాడు. ఆ అప్పుతో పాటు సలహా కూడా వస్తుంది: ఈ పొడి వేయి, ఆ ద్రావణం చల్లు, వారం తర్వాత ఇంకోటి. ఏదీ అక్కర్లేదు, రెండ్రోజులు మేత ఆపు చాలు అని చెప్పే దారి ఆయనకి లేదు. ఆ మాట చెప్పగలిగినవాడు అమ్మడానికి ఏమీ లేనివాడే. విశ్వవిద్యాలయానికి ఇంకా మిగిలివున్న విలువ అదే, నన్నడిగితే. పదిన్నరకి తెరిస్తే ఆ విలువ ఎవరికీ అందదు.

ఇందులో ఒక తమాషా ఉంది. మోటారు సైకిలు మీద వచ్చే ఆ కుర్రాడు మన విద్యార్థే. నాలుగేళ్లు మన దగ్గర చదివి, మేత కంపెనీలోనో మందుల కంపెనీలోనో చేరాడు. అతను చివరి ఏడాది గ్రామీణ అనుభవం కోసం రైతు దగ్గరకి వెళ్తాడు కదా, ఆ రోజుల్లో అతనంత మంచి విస్తరణ కార్యకర్త ఇంకొకడు ఉండడు. ఏమీ అమ్మడు, అన్నీ అడుగుతాడు, ఉదయమే లేస్తాడు. ఉద్యోగంలో చేరాక అడగడం మానేస్తాడు, టార్గెట్టు చూసుకుంటాడు. తప్పు అతనిది కాదు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక మత్స్య సహాయకులు ఊళ్లోకి వచ్చారు. మంచిదే. వాళ్ల రోజులో సర్వేలకీ ఆన్‌లైన్ నమోదులకీ ఎంత పోతోంది, గట్టు మీద నడవడానికి ఎంత మిగులుతోంది అని వాళ్లనే అడగండి.

తెలంగాణ గురించి రెండు ముక్కలు. పెబ్బేరులోనూ ఇప్పుడు చేపల కళాశాల ఉంది. కొల్లేటి పాఠాన్ని అక్కడ యథాతథంగా చెప్పకూడదు. అక్కడివి ఊరుమ్మడి చెరువులు. సాగునీటి కోసం పుట్టినవి, మత్స్యకారుల సంఘం సభ్యులు కలిసి పట్టుకునేవి, మేత కట్టరు, కొన్ని ఏటా ఎండిపోతాయి. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పిల్లని వదులుతోంది. ఎండే చెరువులకి 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల, నిండుగా ఉండేవాటికి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల. అందులో చాలాభాగం మన కైకలూరు వైపు నుంచే లారీల్లో వెళ్తుంది. సంఘం సభ్యుడికి కావలసిన పాఠం మూడు నిమిషాలది. నాలుగైదు గిన్నెల పిల్లని లెక్కపెట్టి, సగటు కట్టి, గిన్నెల సంఖ్యతో హెచ్చించడం. పిల్లని స్కేలు మీద పెట్టి కొలవడం. ఆక్సిజన్ నింపిన కవరుని పావుగంటసేపు చెరువు నీళ్లలో తేలనిచ్చి, రెండు నీళ్ల వేడీ ఒకటయ్యాక మూతి విప్పడం. ఒక చెరువు దగ్గర అతిథులు వచ్చి, లారీ దిగిన కవర్లని వరసగా ఎండలో చింపి, కెమెరా వైపు చూస్తూ పిల్లని పోయడం చూశాను. ఫోటో బాగానే వచ్చింది. పిల్ల సంగతి ఎవరూ రాసుకోలేదు.

మావాళ్ల తప్పు ఒకటి దాచుకోకుండా చెప్పాలి. కొల్లేటిలో చెరువులు పెరుగుతున్నప్పుడు ఎకరానికి ఎంత దిగుబడి అన్నదే మా ప్రశ్న. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, మురుగు ఎటు పోతోంది, సరస్సులో వలలు వేసుకుని బతికే వడ్డీలకి ఏం మిగులుతోంది అని మేం మీటింగుల్లో అడగలేదు. సరస్సు హద్దు చెప్పే ఐదో కాంటూరు అనే మాట మా కరపత్రాల్లో ఎక్కడా ఉండదు. 1999లో అభయారణ్యం ప్రకటించారు, 2002లో రాంసర్ జాబితాలో చేరింది, 2006లో పొక్లెయిన్లు వచ్చి గట్లు కోశాయి. ఆ రోజు రైతులు మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సలహా చెప్పేవాడు దిగుబడి ఒక్కటే చెప్పి ఊరుకుంటే, ఆ దిగుబడి వచ్చే నేల రేపు ఉంటుందో లేదో ఎవరు చెప్తారు? అమ్మడానికి ఏమీ లేనివాడికి ఆ మాట చెప్పే స్వేచ్ఛ ఉంది. మేం దాన్ని వాడుకోలేదు.

చివరగా ఒక అప్పు తీర్చుకోవాలి.

కూలీ సంచి ఎత్తి చూపించిన ఆ చెరువు యజమాని భార్య రోజూ లెక్క రాసేవారు. ఎన్ని సంచులు కట్టారు, ఎన్ని ఖాళీగా వచ్చాయి, ఎండా మబ్బా, ఇంజను ఎంతసేపు వేశారు, ఎన్ని చచ్చి తేలాయి. చుట్టూ గీతలు గీసిన వందపేజీల నోటుబుక్కు. రైతు శిక్షణ తరగతులకి మేం ఎప్పుడూ ఆయన్నే పిలిచాం, ఆవిడని ఒక్కసారి కూడా పిలవలేదు. కాపీ చేసుకుని ఇస్తానని ఆ పుస్తకం నేను తీసుకున్నాను. అందులోని అంకెలు కొన్ని మా వార్షిక నివేదికలో పట్టికగా చేరాయి, క్షేత్ర పరిశీలన అన్న పేరుతో. ఆవిడ పేరు లేదు. పుస్తకం నా బీరువాలోనే ఉండిపోయింది. మూడిళ్లు మారాను, అది కూడా నాతో మారింది.

ఇవాళ తెచ్చాను. ఆవిడ రాలేకపోయారు. వాళ్లబ్బాయి వెనక నుంచి మూడో వరసలో ఉన్నారు, ఇప్పటికే రెండుసార్లు వాచీ చూసుకున్నారు. బాబూ, మీరు లేచి వెళ్లే ముందు ఇటొచ్చి ఇది తీసుకోండి. మధ్యలో నాలుగు పేజీలు తడిసి అంటుకుపోయాయి. చెరువు నీళ్లకి కాదు, మా ఇంటి కప్పు కారి. అమ్మగారికి ఆ మాట కూడా చెప్పండి.